దరియావలి చూడని ఆవిరి చుక్క

దరియావలి కుడి కన్ను గొప్పతనం బోగోలు నుంచి బిట్రగుంట లోకో షెడ్డు దాకా అందరికీ తెలుసు. తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే ఆయనే పిలిచి చెప్పేవాడు. రైలు గార్డుల జేబు గడియారాలు, డ్రైవర్ల చేతి గడియారాలు, కరణంగారింటి గోడ గడియారం, ఏది ఆగినా ఆయన కొట్టుకే రావాలి. కంటి గ్లాసు కుడి కంటికి బిగించి, ఎడమ కన్ను మూసి, ఊపిరి బిగబట్టి ఒక్క చూపు చూశాడంటే, ఆవగింజంత చక్రంలో అరిగిన పన్ను ఏదో ఇట్టే దొరికేది. "నా కన్ను తప్పితే మెయిలు తప్పుద్ది" అనేవాడు. కొంచెం అతిశయమే. కానీ అందులో నిజం కూడా ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది. ఉత్త గొప్పలే అయితే మనిషి తర్వాత అంత కుళ్లిపోయి ఉండేవాడు కాదు.

సరుకు పడవల మీద తిరిగిన తాత మనవడికి దరియా అని సముద్రం పేరు పెట్టుకున్నాడు. మనవడు మాత్రం ఏనాడూ మోకాలి లోతు నీళ్లు దాటి లోపలికి దిగలేదు. పన్నెండో ఏట నెల్లూరులో ఒక గడియారాల కొట్లో పనికి కుదిరి, చేయి తిరిగాక సొంత ఊరు వచ్చి రోడ్డు పక్కన కొట్టు పెట్టాడు. షాహిదాబీని పెళ్లాడాడు. ఒక్క కూతురు, దాన్ని కావలిలో ఇచ్చారు. నలభై అయిదేళ్లు వచ్చేదాకా ఆయన చూసిన అతి దూరం, బల్లకి ఆ చివర ఉన్న మరమేకు. ఆకాశం వైపు తల ఎత్తింది రష్యావాళ్లు భూమి చుట్టూ తిరిగే గుండును పైకి వదిలిన యాభై ఏడులో. అప్పుడు ఊరంతా ఎత్తారు, ఆయనా ఎత్తాడు. వారం రోజులకు ఊరంతా తల దించుకుని పనుల్లో పడింది. ఆయన తల దిగలేదు.

అందుకు కారణం పరంజ్యోతి అనే గూడ్సు గార్డు. పరంజ్యోతిగారికి చుక్కల పిచ్చి. అరక్కోణం బదిలీ అయి వెళ్లిపోతూ, చుక్కల పటాలున్న ఒక ఇంగ్లీషు పుస్తకం దరియావలి చేతిలో పెట్టాడు. ముందు వైపు ఒకటి పవరు కళ్లజోడు అద్దం, వెనక వైపు గడియారాలు బాగుచేసే కంటి గ్లాసు, మధ్యలో గజం పైన పొడవున్న గొట్టం ఉంటే చాలునని, బొమ్మ గీసి చూపించాడు. పుస్తకం చివర ఒక జాబితా ఉంది. అవి విడి చుక్కలు కావు, మసక మసకగా కనిపించే మచ్చలు. కొన్ని చుక్కల గుంపులు, కొన్ని వెలిగే పొగలు. జాబితాలో మొదటిదైతే మన పాలపుంత లాంటి ఇంకో పాలపుంత, ఆండ్రోమెడా. అక్కడి వెలుగు బయలుదేరి ఇరవై లక్షల ఏళ్లు నడిస్తే మన కంటికి చేరుతుందట.

"ఏది చూస్తే అది ఒక కార్డు ముక్క రాయండి వలీగారూ. నాకు రాత్రి డ్యూటీలు, చూసే యోగం లేదు. మీ కంటితో నేను చూసుకుంటాను" అన్నాడు పరంజ్యోతి. ఆ చివరి మాటకు దరియావలి ఉబ్బిపోయాడు.

గొట్టం రేకుతో చేయించాడు. లోపల దీపం మసి పూశాడు. దాన్ని నిలబెట్టే ముక్కాలి పీట మాత్రం మునెయ్య కట్టాడు.

మునెయ్య సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే పట్టపుపాలెం మనిషి. ప్రతి శనివారం అతని భార్య పోలేరమ్మ ఎండు చేపలు అమ్ముకోవడానికి బోగోలు సంతకు వచ్చేది, అతను కావడి మోసుకొచ్చేవాడు. ఆ రాత్రికి దరియావలి అరుగు మీద పడుకుని తెల్లవారి వెళ్లడం ఏళ్ల తరబడి అలవాటు. పాలెంలో మునెయ్యకు ఒక స్థానం ఉండేది. వెన్నెల లేని రోజుల్లో వేటకు పోయినప్పుడు, చేపల గుంపు కదిలితే నీళ్లలో ఎక్కడో మసగ్గా ఒక తెల్లని మెరుపు లేస్తుంది. దాన్ని కనిపెట్టే మనిషి తెప్ప ముందు కూర్చుంటాడు, అతను చేయి చూపిన దిక్కుకే వల పడుతుంది. ఆ చోటు మునెయ్యది, అంతకు ముందు వాళ్ల నాన్నది. అందుకే కన్ను చీకటికి అలవాటు పడాలని, వేట ఉన్న రోజు చీకటి పడేముందు నుంచే అతను పొయ్యి వైపు గానీ దీపం వైపు గానీ మొహం తిప్పేవాడు కాదు. పోలేరమ్మ అన్నం కూడా గడప బయట పెట్టేది.

ముక్కాలికి మూడు సరుగుడు వాసాలు తెచ్చి, కొబ్బరితాడుతో తెప్ప కట్టే ముడి వేశాడు. గొట్టాన్ని ఎటు తిప్పితే అటు నిలిచేది. దరియావలి దాన్ని ఇంటి వెనక దొడ్లో, మునగచెట్టు నీడ పడని చోట పాతించాడు.

మొదటి నెల చంద్రుడి నెల. పొద్దుగూకితే చాలు, ఊళ్లో సగంమంది దొడ్లో ఉండేవాళ్లు. చంద్రుడి మీద గుంటలు చూసి ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. స్టేషను మాష్టరు భార్య పట్టుచీర కట్టుకుని వచ్చింది. దరియావలి ముక్కాలి పక్కన నిలబడి, "తొయ్యబాకండి, ఒక్కొక్కరే" అంటూ జమీందారులా చేయి ఊపాడు. ఆ నెల ఆయన బతుకులో పండగ నెల. అది చాలనుకుని ఊరుకుంటే బాగుండేది. ఆయనకు జాబితా కావాలి. అందులోనూ మొదటిదే కావాలి. ఇరవై లక్షల ఏళ్ల నాటి వెలుగు పడాల్సిన కన్ను ఈ జిల్లా మొత్తానికి ఇదొక్కటేనని గట్టిగా నమ్మాడు.

యాభై ఎనిమిది చివర ఈశాన్య వానలు వెలిసి ఆకాశం కడిగినట్టయింది. చీకటి పక్షం సాయంత్రాలు. లాంతరు పక్కన పెట్టుకుని, పటం చూసుకుని, చెప్పిన చుక్క పక్కకు గొట్టం తిప్పి, కంటి గ్లాసుల్లో అన్నిటికంటే పెద్ద పవరుది బిగించి, సూటిగా చూశాడు. నల్లగా ఉంది. నీళ్లు కారేదాకా చూశాడు. నల్లగానే ఉంది. మూడు సాయంత్రాలు అంతే. నాలుగోది శనివారం.

"ఏందన్నా, ఎవురిని ఎతుకుతా ఉండావు?" అంటూ మునెయ్య దొడ్లోకి వచ్చాడు.

"నీకు జెప్పినా తెలవదులే. ఇరవై లచ్చల ఏండ్ల నాటి వెలుగు."

"అట్నా! ఒకతూరి జూడనీ." మునెయ్య లాంతరును చాటుకు జరిపి, కాసేపు ఊరికే తల ఎత్తి నిలబడ్డాడు. తర్వాత వంగి కన్ను పెట్టి, గొట్టాన్ని వేలెడు పక్కకు నెట్టాడు. "ఓస్, ఇదా. ఇది ఆవిరి చుక్క గదన్నా."

"ఏం చుక్క?"

"ఆవిరి చుక్క. కుండ మీద మూత దీస్తే ఆవిరి లేస్తదే, అట్టా ఉండాది గదా. నేను పిలగాడప్పుడే మా నాయిన జూపించినాడు. దీనికి గొట్టం ఎందుకన్నా? అదో, ఉత్త కంటికే అగపడతా ఉండాది."

అతను వేలు చూపించిన చోటికి దరియావలి చూశాడు. మామూలు చుక్కలు, మధ్యలో మామూలు చీకటి. గబగబా వంగి గొట్టంలో చూశాడు. అక్కడా అదే చీకటి. రష్యావాళ్లు, అమెరికావాళ్లు పెద్ద పెద్ద అద్దాలు పెట్టి చూసేదాన్ని ఈ పట్టపు మనిషి, చదువు లేనివాడు, ఉత్త కంటితో చూశాడట. అదీ చిన్నప్పటి నుంచి!

"ఆఁ ఆఁ, అదే. నాకెప్పుడో కనిపించింది. నిన్ను పరీచ్చ జేసినా" అన్నాడు దరియావలి.

మర్నాడు పరంజ్యోతికి కార్డు రాశాడు. "ఆండ్రోమెడా చూశాను. కుండ మీది ఆవిరి లాగా ఉన్నది." రాసిన మాట కూడా మునెయ్యదే. కార్డు డబ్బాలో వేశాక వెనక్కి తీసుకోవాలనిపించింది గానీ, డబ్బా మూతి చిన్నది.

ఆ చలికాలం అంతా అదే వరస. వరసగా మూడు చుక్కలుండే గొల్లకావడి కింద వెలిగే పొగ ఒక్కటి దరియావలికి కనిపించింది. అది మరీ స్పష్టంగా ఉంటుంది, ఎవరికైనా కనిపిస్తుంది. పిల్లలకోడి చుక్కల గుంపు సరేసరి, దానికి గొట్టమే అక్కర్లేదు. మిగతావన్నీ మునెయ్య చూడటం, దరియావలి "ఆఁ ఆఁ" అనడం, కార్డు రాయడం. శనివారం వస్తుందంటే ఒకవైపు తహతహ, ఇంకోవైపు ఒళ్లు మంట. ఒకసారి అబద్ధం పట్టుకుందామని, మునెయ్య నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు గొట్టాన్ని చటుక్కున పక్కకు తిప్పి పెట్టాడు. మునెయ్య వచ్చి కన్ను పెట్టి, "గాలికి కదిలినట్టుండాదన్నా, పోయింది" అని, తల ఎత్తి చూసి, తానే మళ్లీ సరిచేశాడు. అనుమానం కూడా పడలేదు. ఆ అనుమానం లేకపోవడం మరీ మండించింది.

"లాంతరు ఆర్పితే బాగా అగపడుద్దన్నా" అని మునెయ్య రెండు మూడుసార్లు అన్నాడు. దరియావలి ఆర్పలేదు. దీపం లేకపోతే పటం ఎలా చూడాలి? పైగా చీకట్లో వీడు చూశానన్నది చూశాడో లేదో తేలేదెలా? ముప్పై ఏళ్లుగా ఆయన పనంతా దీపం కిందే. ఎంత వెలుతురు ఉంటే అంత బాగా కనిపిస్తుందన్నది ఆయనకు తిరుగులేని శాస్త్రం.

అసలు దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఒక శనివారం కొట్టు కట్టేసి వచ్చేసరికి దొడ్లో చీకటిగా ఉంది. షాహిదాబీ గొట్టం దగ్గర వంగి ఉంది. మునెయ్య, పోలేరమ్మ పక్కన నిలబడ్డారు. "యా అల్లా! ఎంత మెత్తగా ఉండాదో!" అంటోంది షాహిదాబీ.

"ఏం జూస్తా ఉండావు?"

"ఆవిరి చుక్కయ్యా. మునెయ్యన్న జూపించినాడు. దాని కల్లే సూటిగా జూస్తే దాక్కుంటదంట. కొంచెం పక్కకి జూస్తే..."

"నాకు జూపు నేర్పిస్తావా?" దరియావలి గొంతు లేచింది. "ఇరవై ఏండ్లుగా ఈ కన్నుతో తిండి పెట్టినా నీకు. పక్కకి జూసే పాటి అయితే గడియారం బాగయ్యేదా?"

షాహిదాబీ లోపలికి వెళ్లింది. ఆ రాత్రి మునెయ్యకు కోడిగుడ్డు పులుసు వేసింది, మొగుడికీ అదే వేసింది. కానీ మునెయ్య కంచంలో రెండో గుడ్డు పడటం ఆయన కుడి కన్ను కనిపెట్టింది. అలాంటివి కనిపెట్టడంలో ఆ కంటికి లోటు లేదు.

మరుసటి చలికాలానికి సంగతి ఊళ్లోకి పాకింది. దొడ్లోకి వచ్చినవాళ్లు, "మునెయ్య వచ్చినాడా?" అని అడగడం మొదలుపెట్టారు. శనివారం కాకపోతే, "సరేలే, శనివారం వస్తాం" అని వెళ్లిపోయేవాళ్లు. గొట్టం తనది, అద్దం తనది, దొడ్డి తనది, పేరు వాడిది. కొట్లో కూర్చుంటే చేతిలో ఉన్న గడియారం మీద మనసు నిలిచేది కాదు. మునెయ్య మొహం కళ్లముందు కదిలేది, ఆ మొహంలో రెండు కళ్లు. దరియావలి ఆ కళ్లను తలచుకుని తన కళ్లల్లో నిప్పులు పోసుకున్నాడు. ఇక్కడ మెత్తటి మాట వాడి ప్రయోజనం లేదు.

అరవై జనవరిలో ఒక శనివారం సాయంత్రం, ఇద్దరే దొడ్లో ఉన్నప్పుడు, "నీ కండ్లు ఎర్రగా ఉండాయేందిరా మునెయ్యా?" అన్నాడు.

"ఉప్పుగాలి గదన్నా. ఎప్పుడూ ఉండేదే."

"కాదు. నేను అద్దాల పని జేసేవాణ్ణి, నాకు తెలుసు. ఈ అద్దం వెలుగును లాగి కంట్లో గుచ్చుద్ది. నా కన్ను అలవాటు పడింది, ముప్పై ఏండ్లుగా గ్లాసు పెట్టిన కన్ను. నీది పచ్చి కన్ను. ఇట్టానే జూస్తే కొన్నాళ్లకి రాత్రి చూపు పోద్ది. ముందు సన్న మెరుపులు అగపడకుండా పోతాయి. తర్వాత నీ ఇష్టం."

అన్నాడు. అనేశాడు. మునెయ్య మొహం పాలిపోవడం ఆ మసక వెలుతురులోనూ కనిపించింది. గొట్టం మీద ఉన్న చేతిని మెల్లగా తీసేశాడు. తర్వాతి శనివారం కావడి మోసుకొచ్చాడు గానీ, దొడ్లోకి రాలేదు. అరుగు మీద, వీధి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. దరియావలి ఒక్కడే దొడ్లోకి వెళ్లి గొట్టం ముందు కూర్చున్నాడు. ఇప్పుడు పోటీ లేదు. చీకటి మాత్రం అలాగే ఉంది.

ఉగాది దాటాక ఒక పూట పోలేరమ్మ గడప దగ్గర చేపల బుట్ట దించి, షాహిదాబీతో గొంతు తగ్గించి చెప్పుకుంది. "ఏం జెప్పేదక్కా. మా ఆయన తెప్ప ముందు చోటు ఒదిలేసినాడు. కండ్లు పోతా ఉండాయంటాడు. మెరుపు అగపడినా, అది మెరుపా, నా కంటి జబ్బా అని చెయ్యి ఎత్తలేకపోతా ఉండాడు. రెండుసార్లు గుంపు తప్పిపోయింది. ఇంగ తానే లేచి, తెప్పలో తెడ్డేసే మాలకొండయ్యని కూసోబెట్టినాడు. వాళ్ల నాయిన కూసున్న చోటక్కా అది. ఇంటికొచ్చి గోడకల్ల తిరిగి పండుకున్నాడు." కళ్లల్లో నందివర్ధనం పూల రసం పోస్తున్నామనీ, పాలెం గుళ్లో పోలేరమ్మ తల్లికి మొక్కుకున్నామనీ చెప్పింది.

లోపల గదిలో దరియావలికి ప్రతి మాటా వినిపించింది. ముందుగా ఆయనకు కలిగింది సంతోషం. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ కలిగింది. వాడికీ కనిపించడం లేదన్నమాట! ఆ సంతోషం భోజనం దాకా కూడా నిలవలేదు. లేచి వెళ్లి, "నీ కండ్లు బాగానే ఉండాయి, నేను అబద్ధం జెప్పినా" అంటే సరిపోయేది. ఎందుకు చెప్పావని అడుగుతారు. అప్పుడు, నాకు ఏనాడూ ఏదీ కనిపించలేదని ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ల కన్ను, అరక్కోణం వెళ్లిన పంతొమ్మిది కార్డులు, అన్నీ పోతాయి. చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు తొమ్మిది నెలలు రాలేదు.

వచ్చింది పరంజ్యోతి కార్డు. "వలీగారూ, ఈ మార్చితో రిటైరవుతున్నాను. జనవరి రెండో శనివారం మీ ఊరు వస్తాను. పంతొమ్మిది చూపించమని అడగను. ఆ ఒక్క ఆండ్రోమెడా చూపించండి చాలు. మీ కార్డులు చదివి చదివి ఆశ పుట్టింది."

దరియావలికి పక్షం రోజులు నిద్ర లేదు. ఆ శనివారం మునెయ్య కావడి దించగానే చేయి పట్టుకున్నాడు. "ఈ పొద్దు ఒక్కపూట దొడ్లోకి రారా. ఉత్త కంటితో జూసి దిక్కు జెప్పు చాలు."

"ఒద్దన్నా. నాకిప్పుడు ఏది నిజమో ఏది కాదో తెలవటంలా" అన్నాడు మునెయ్య. అయినా వచ్చాడు. వచ్చి, గొట్టానికి వీపు పెట్టి, మునగచెట్టు మొదట్లో పోలేరమ్మ పక్కన కూర్చున్నాడు.

పరంజ్యోతి ఏడున్నరకు వచ్చాడు. నెత్తి పూర్తిగా తెల్లబడింది. టీ కూడా తాగకుండా నేరుగా దొడ్లోకి నడిచాడు. దరియావలి లాంతరు పెట్టుకుని, పటం చూసుకుని, గొట్టం తిప్పి, పెద్ద గ్లాసు బిగించి, సూటిగా చూసి, "ఇదో, వచ్చింది. చూడండి సార్" అన్నాడు.

పరంజ్యోతి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఏమీ లేదే వలీగారూ."

దరియావలి మళ్లీ వంగి, ఒక వెంట్రుకంత కదిపినట్టు చేసి, "ఇప్పుడు చూడండి" అన్నాడు. పరంజ్యోతి మళ్లీ చూశాడు. కళ్లజోడు తుడుచుకుని చూశాడు. తీసేసి చూశాడు. చివరికి నడుము పట్టుకుని లేచి, నవ్వడానికి ప్రయత్నించాడు.

"మీ తప్పేం లేదు లెండి. నా కళ్లే పోయాయి. ముప్పై ఏళ్లు ఇంజను పొగ తగిలిన కళ్లు. ఆలస్యం చేశాను."

చెట్టు మొదట్లోంచి మునెయ్య గొంతు వినిపించింది. "కాదు సార్. ఈ గొట్టం అట్టాంటిది. పచ్చి కన్నుతో జూస్తే పోతదంట. నాదీ పోయింది. వలీ అన్న పాపం ముందే జెప్పినాడు, నేనే ఇనుకోలా."

వలీ అన్న పాపం. ఆ మాటకు దరియావలి ఇంటి వైపు తిరిగాడు. గుమ్మంలో షాహిదాబీ నిలబడి ఉంది, ఆయననే చూస్తోంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమెకు ఆయన అబద్ధం ఏ గొంతుతో చెబుతాడో తెలుసు. ఇప్పుడు ఒక్క మాట మాట్లాడకుండా ఊరుకుంటే చాలు, పరంజ్యోతి తన కళ్లు పోయాయనుకుని రైలెక్కి వెళ్లిపోతాడు. పేరు నిలుస్తుంది. ఒక మనిషి కళ్లు తీశాడు, రెండో మనిషివి తీయడానికి ఊరుకోవడం తప్ప వేరే పని కూడా లేదు.

"నేనెప్పుడూ చూళ్లేదు సార్" అన్నాడు దరియావలి.

"ఏమిటి?"

"ఆ మచ్చను. ఒక్కసారి గూడా చూళ్లేదు. కార్డుల్లో రాసిందంతా వీడు చూసింది. వీడి మాటలే రాసినా." ఆపలేదు, ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. "మునెయ్యా, నీ కండ్లకి ఏమీ కాలా. గొట్టంతో కండ్లు పోవు. నేను జెప్పింది అబద్ధం. నీకు అగపడతా ఉండాది, నాకు అగపడటంలా, ఓర్చుకోలేకపోయినా. అందుకని జెప్పినా."

ముందు పోలేరమ్మ లేచింది. "ఏం పాపం జేసినాడయ్యా నీకు? నీ ఇంటి అరుగు మీద పండుకున్నందుకా? మొగోడు ఏడాది గోడకల్ల తిరిగి పండుకున్నాడే! మాలకొండయ్య ఎనకాల కూసోని తెడ్డు ఏసినాడే!" ఆమె ఇంకా చాలా అంది. దరియావలి అన్నీ నిలబడి విన్నాడు. షాహిదాబీ ఆమెను ఆపడానికి ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

మునెయ్య లేచి వచ్చి, లాంతరు ఊది ఆర్పేశాడు. దొడ్డంతా చీకటి కమ్ముకుంది. ఎవరి మొహం ఎవరికీ కనిపించలేదు. అతను ఎక్కడ నిలబడ్డాడో కూడా తెలియలేదు. అన్నం ఉడికేంత సేపు ఆ చీకట్లో అందరూ అలాగే ఉన్నారు.

"ఉండాది" అన్నాడు మునెయ్య ఉన్నట్టుండి. తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "ఉండాదే, అట్టనే ఉండాది." తర్వాత, "ఏడాదన్నా" అన్నాడు. "ఒక ఏడాది నేను నా కండ్లని నమ్మలా. నీకు తెలవదు అది ఎట్టుంటదో."

దరియావలి గొట్టం ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు.

మునెయ్య గొట్టం వెంబడి బయటి నుంచే గురి చూసి తిప్పాడు. పెద్ద పవరు గ్లాసు ఊడదీసి చిన్న పవరుది పెట్టమన్నాడు. ముందు పరంజ్యోతిని పిలిచాడు. "దాని మొహం జూడబాకండి సార్. అది లేదనుకోని పక్కన జూడండి. మేం సముద్రంలో మెరుపును అట్టనే జూస్తాం." పరంజ్యోతి వంగాడు. కాసేపటికి "ప్రభువా" అన్నాడు. లేచి, మునెయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రా అన్నా" అన్నాడు మునెయ్య.

దరియావలి వంగాడు. కుడి కన్ను సూటిగా మధ్యకు పోయింది, అలవాటు. చీకటి. బలవంతాన చూపును అంచుకు లాగాడు. మధ్యలో ఏదో ఉంది. అటు తిరిగితే పోయింది. మళ్లీ అంచుకు లాగాడు. వచ్చింది. తెల్లగా, మెత్తగా, కోలగా, ఉండీ లేనట్టుగా. కదలకుండా అక్కడే ఉంది. మూడు చలికాలాలుగా తాను తిట్టుకున్న చీకట్లో, ప్రతి సాయంత్రం, అక్కడే ఉంది.

ఆయన కన్ను నిండిపోయింది. తుడుచుకుంటే పోతుందేమోనని తుడుచుకోలేదు. మునెయ్య దగ్గర ఏం దొంగిలించాడో అప్పటిదాకా ఆయనకే సరిగా తెలియదు. చూడనివాడికి దాని విలువ ఎలా తెలుస్తుంది? ఇప్పుడు తెలిసింది. తెలియగానే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు వెనకాలే, అదే క్షణంలో, పాత కుళ్లు మళ్లీ భగ్గున మండింది. వీడు దీన్ని పిల్లవాడప్పటి నుంచి చూస్తున్నాడు. తెప్ప మీద కూర్చుని, తల ఎత్తి, ఎప్పుడు కావాలంటే అప్పుడు.

"నువ్వు జూడలేదు గదా మునెయ్యా" అన్నాడు కన్ను తీయకుండానే.

"నువ్వు జూడన్నా. నేను తర్వాత జూస్తాలే."

దరియావలికి లేవాలని లేదు. ఆ మాట పట్టుకుని తెల్లారేదాకా కూర్చోవచ్చు. కాళ్లు కూడగట్టుకుని లేచాడు. మునెయ్య భుజం పట్టుకుని గొట్టం ముందు కూర్చోబెట్టాడు.

"ఎంతసేపన్నా జూడు" అన్నాడు.

మునెయ్య నిజంగానే ఎంతసేపైనా చూశాడు. పరంజ్యోతి రైలు టైమైందని బయలుదేరాడు. షాహిదాబీ అన్నాలకు పిలిచింది, ఎవరూ కదల్లేదు. ముక్కాలి పక్కన దరియావలి చేతులు కట్టుకుని నిలబడి, వీడు ఇంకెప్పుడు లేస్తాడా అని మునెయ్య వీపు వైపే చూస్తూ ఉన్నాడు.